నవ్వితే ఆట అయిపోతుంది: కరీంనగర్ నుంచి కాగజ్‌నగర్ దాకా

మా కాలనీ కమ్యూనిటీ హాల్లో ఒక పెద్దాయన అడిగిన ప్రశ్న వల్ల ఈ ప్రయాణం పెట్టుకున్నాను. బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, ఉప్పల్ దగ్గర మేముండే కాలనీలో అరవై దాటినవాళ్ల కోసం ప్రతి శనివారం సాయంత్రం ఒక గంట నవ్వుల కార్యక్రమం నడుపుతానని నేనే ముందుకొచ్చాను. మొదటి వారం హాలు దాదాపు నిండింది. ఫోన్లో పోగుచేసుకున్న జోకులు ఒక్కొక్కటీ చదివాను. భార్యాభర్తల జోకులు, డాక్టర్ జోకులు, పరీక్షల జోకులు. ఫ్యాను చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. చివరికి ముందు వరసలో పెద్దాయన చాలా మర్యాదగా, "అమ్మా, ఇంక ఎంతసేపు ఉంటది?" అని అడిగాడు. ఆ సాయంత్రం హాల్లో నవ్వు పుట్టింది ఆ ఒక్క మాటకే. రెండో వారం నలుగురు వచ్చారు. మూడో వారం నేనూ, ఒకావిడా, తాళంచెవులు పట్టుకుని వాచ్‌మనూ.

వదిలేద్దామనే అనుకున్నాను. కానీ ఆ ఒక్కావిడ గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చీర కట్టుకుని వచ్చింది. వెళ్లేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "వచ్చే వారం గూడ ఉంటది గదా?" అంది. వారం మొత్తంలో ఆవిడ గడప దాటేది ఈ గంట కోసమేనని తర్వాత తెలిసింది. నాతో పనిచేసి ఇప్పుడు కరీంనగర్‌లో ఉంటున్న స్నేహితురాలికి ఫోన్ చేసి ఏడుపొక్కటే తక్కువగా చెప్పుకున్నాను. ఆమె అంతా విని, "నవ్వించుడు వచ్చినోళ్లను ఒకసారి వచ్చి చూడు. మా డ్యాం దగ్గర పొద్దున్నే ఉంటరు" అంది. అలా చలి మొదలైన రోజుల్లో, ఒక మధ్యాహ్నం జూబ్లీ బస్‌స్టేషన్‌లో కరీంనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే తెలంగాణ ఆడవాళ్లకు ఎక్స్‌ప్రెస్‌లో జీరో టికెట్ ఇస్తారు. మగవాళ్లకు మూడు వందల లోపు అవుతుందన్నారు. సిద్దిపేట మీదుగా మూడున్నర గంటల దారి. స్నేహితురాలు ఆ వారం ఊళ్లో లేదు గాని, బస్టాండు దగ్గరే వెయ్యి రూపాయల లోపు శుభ్రమైన లాడ్జి దొరికింది.

మర్నాడు ఇంకా వెలుతురు సరిగా రాకముందే ఆటో మాట్లాడుకున్నాను. వంద రూపాయలు. డ్యాం దగ్గరి పార్కు అనగానే డ్రైవరు వెనక్కి తిరిగి, "నవ్వెటోళ్ల దగ్గరికా మేడమ్?" అన్నాడు.

"ఎలా కనిపెట్టావు బాబూ?"

"గీ వయసుల, గీ టైంకు, చేతుల సంచి లేకుంట డ్యాం దిక్కు పోయేది గందుకే. మా మామ గూడ పోతడు. ఇంట్ల నాలుగు మాటలడిగితె ఒక మాట చెప్పడు. ఆడ మాత్రం ఏందో విరగవడి నవ్వుతడట. ఒక్కపాలి చూద్దామని చాటుగ పోయిన. నిజమే. మా మామేనా గీన అనిపిచ్చింది."

పార్కులోకి అడుగుపెట్టేసరికి మానేరు నీళ్ల మీద పొగమంచు లేస్తోంది. ఎటు చూసినా నీళ్లూ ఆకాశమూ ఒకే రంగు. ఆ నిశ్శబ్దంలో ఉన్నట్టుండి యాభై అరవై మంది ఒక్కసారిగా నవ్విన చప్పుడు వచ్చింది. మనుషులు కనిపించలేదు, నవ్వు మాత్రం నీళ్ల మీద పాకుతూ కట్ట దాకా వెళ్లింది. ఒడ్డున కూర్చున్న కొంగలు ఒక్కటీ కదలలేదు. వాటికి అలవాటైపోయినట్టుంది. ముసలివాళ్ల నవ్వు అంటే సన్నగా, దగ్గుతో కలిసి ఉంటుందని ఎందుకనుకున్నానో తెలియదు. ఇది మాత్రం వాగు పొంగి వచ్చినట్టుంది.

దాన్ని నడిపించేది రాజమల్లు సార్. బడిలో డ్రిల్ మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. మెడలో ఈల ఇంకా అలాగే ఉంది. నన్ను పరిచయం చేసుకోనిచ్చి, నిలబడి చూస్తానంటే ఒప్పుకోలేదు. "చూసేటోళ్లకు ఇక్కడ జాగ లేదు మేడమ్. వరసల నిలవడుండ్రి" అని ఈల వేశాడు. మొదట సల్ల చిలికే నవ్వు: రెండు చేతులతో కవ్వం తాడు లాగుతున్నట్టు లాగుతూ, లాగినప్పుడల్లా ఒక హహ్హ. తర్వాత కండ్లద్దాల నవ్వు: జేబులూ కొంగులూ వెతికి వెతికి, చివరికి అద్దాలు నుదుటి మీదే ఉన్నాయని తెలుసుకుని నవ్వాలి. ఆ తర్వాత కరెంటు బిల్లు నవ్వు. బిల్లు చూసి గుండె పట్టుకోవాలి, మళ్లీ దగ్గరగా పెట్టుకుని చదివి, అది పక్కింటి బిల్లని కనిపెట్టి నవ్వాలి. నా పక్కన మోకాళ్లకు పట్టీలు వేసుకుని కుర్చీలో కూర్చున్న అవ్వ ఆ బిల్లును ఎంత బాగా చదివిందంటే, నేను నా పాత్ర మరిచిపోయి నిజంగానే పొట్ట పట్టుకున్నాను. నడుము ఆపరేషనయినవాళ్లు, హెర్నియా ఉన్నవాళ్లు చివరి వరసలో నిలబడి చప్పట్లు కొడుతూ చిరునవ్వు మాత్రం నవ్వుతారు. అది ఆయన పెట్టిన షరతు.

అయిపోయాక గడ్డిలో కూర్చుని, జోకులు ఎక్కడివి వాడతారని అడిగాను. రాజమల్లు సార్ నా వైపు జాలిగా చూశాడు. "జోకులు చెప్తె సగం మందికి ఇనవడయి మేడమ్. ఇనవడ్డోళ్లల్ల సగం మందికి సమజ్ కావు. మిగిలినోళ్లకు అవి ముందుగాలనే ఎరుక. మాది ఉత్త కసరత్తు. ముందుగాల దొంగ నవ్వు నవ్వుతం. అది ఎప్పుడు అసలు నవ్వయితదో మాకే తెల్వది." అని, "మీకు అసలైంది చూడాల్నని ఉంటె కాగజ్‌నగర్ పోండ్రి. ఆడ మిల్లుల పనిచేసిన ముసలోళ్లున్నరు. వాళ్లది కసరత్తు గాదు, ఆట. నేను ఒక్కసారి పోయిన. మల్ల మన ఈల నాకే చిన్నగ అనిపిచ్చింది" అన్నాడు. అప్పటికప్పుడు అక్కడ చాయ్ హోటల్ నడిపే యూసుఫ్ అనే ఆయనకు ఫోన్ చేసి నేను వస్తున్నానని చెప్పాడు. నేను వస్తానని ఇంకా అననే లేదు.

ఊళ్లోకి తిరిగొచ్చి, కమాన్ అనే పాత తోరణం దగ్గర ఒకామె పొయ్యి మీదినుంచి తీసి పెట్టిన సర్వపిండి తిన్నాను. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు పడి, అంచులు కరకరలాడుతూ ఉంది. ఇంకోటి అడిగితే, "రైలెక్కుతా అంటున్నవు గద, చెరొక చేతిల పట్టుకపో" అని కాగితంలో చుట్టి ఇచ్చింది. కరీంనగర్ నుంచి పెద్దపల్లికి బస్సులు చాలా ఉన్నాయి, గంట ప్రయాణం. అక్కడ మధ్యాహ్నం కాకముందే సికింద్రాబాద్ వైపు నుంచి కాగజ్‌నగర్ వెళ్లే రైలు దొరికింది. వేళలు మారుతుంటాయి కాబట్టి ముందు రోజే చూసుకోండి. జనరల్ టికెట్ వంద రూపాయల లోపే. రామగుండం పొగగొట్టాలు దాటాక రైలు గోదావరి మీదికి వస్తుంది. నది అంత వెడల్పుగా, అంత నెమ్మదిగా ఉంటే పెట్టెలోవాళ్లంతా కిటికీల వైపు జరిగారు. ఒకాయన చెప్పులు విడిచి కిటికీలోంచి రూపాయి బిళ్ల వేసి దండం పెట్టుకున్నాడు. మంచిర్యాల, బెల్లంపల్లి దాటాక బొగ్గు ఊళ్లు వెనకబడి టేకు చెట్లు మొదలవుతాయి. సీతాఫలాలు అయిపోయే రోజులు. ఆసిఫాబాద్ రోడ్డు స్టేషన్లో ఒకామె గంపలో మిగిలిన నాలుగు కాయలూ నా ఒళ్లో పెట్టి, ఇచ్చినంత తీసుకుని దిగిపోయింది.

కాగజ్‌నగర్‌లో దిగగానే ఉడికిన కాగితం వాసన ముక్కుకు తగులుతుంది. పది నిమిషాల్లో అలవాటైపోతుంది. ఆటో ఎక్కి యూసుఫ్ గారి చాయ్ హోటల్ అన్నాను.

"యూసుఫ్ చాచా దగ్గరికా? ఆట చూస్తందుకు వచ్చిండ్రా?" అన్నాడు డ్రైవరు. అవునంటే కాస్త గొంతు తగ్గించి, "ఆట మునుపటి లెక్క నడుస్తలేదమ్మా. మొన్న లసుమవ్వ కాలం జేసింది. దినాలు అయిపోయి వారం గూడ కాలే. గామె పెనిమిటి పోశం కాక అప్పటిసంది అటు దిక్కు రాలే. గా ముసలోళ్లంత పరేషాన్ల ఉన్నరు" అన్నాడు.

నేను అక్కడే ఆటో ఆపించి వెనక్కి వెళ్లిపోదామా అనుకున్నాను. ఇంట్లో మనిషి పోయిన చోటికి నవ్వు నేర్చుకోవడానికి వెళ్లడం ఏం మర్యాద? కానీ రాజమల్లు సార్ ఫోన్ చేసి చెప్పాడు, ఎదురుచూస్తుంటారు. కనీసం పలకరించి వద్దామని వెళ్లాను.

హోటల్ అంటే రోడ్డు వైపు ఒక పొయ్యి, రెండు బెంచీలు. వెనక రేకుల షెడ్డు. యూసుఫ్ గారికి డెబ్బై దాటాయి. తెల్లటి గడ్డం, చెవి దగ్గర పెన్సిలు. వచ్చానని తెలియగానే పొయ్యి వేరేవాళ్లకు అప్పజెప్పి వచ్చి కూర్చున్నాడు. నేను లసుమవ్వ సంగతి తెలిసిందని, మరోసారి వస్తానని అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "మీరు మెహమాన్. చాయ్ తాగి పోండ్రి. ఆట ఉంటదో లేదో నాకు గూడ తెల్వది." అని, ఆట ఎలా పుట్టిందో చెప్పాడు.

కాగితం మిల్లు మూతపడిన రోజుల్లో పనివాళ్లంతా పొద్దస్తమానం ఈ షెడ్డులోనే కూర్చునేవాళ్లట. "ఎవల మొఖం ఎవలు చూడకపోదుము మేడమ్. ఇంట్ల ఉంటె ఆడోళ్ల మొఖం చూడలేము. గీడనన్న అందరివి ఒక్క తీరు మొఖాలని కూసుందుము. జిందగీ అంత సైరన్ ఇని లేసినోళ్లం, సైరన్ ఇని తిన్నోళ్లం. అది బందయితె పొద్దు ఎప్పుడు వొడిచిందో, ఎప్పుడు గూకిందో సమజ్ కాకపోతుండె. గట్లుండంగ ఒకనాడు గీ పోశం లేసి, షిఫ్టు టైంకు, నోటికి చేతులడ్డం పెట్టి సైరన్ ఊదిండు. అచ్చం మిల్లు సైరనే. మా తోటోడు ఒకడు ఉలికిపడి సద్ది గిన్నె పట్టుకొని నిలవడ్డడు. నిలవడ్డంక యాదికొచ్చింది ఆనికి, పోతందుకు జాగ లేదని. ఇగ చూడుండ్రి. నవ్వి నవ్వి మేం బెంచీల మీదికెల్లి కింద పడ్డం. గన్ని నెలల తర్వాత అదే నవ్వుడు."

అప్పుడే లసుమవ్వ మొగుణ్ని బువ్వకు పిలవడానికి వచ్చిందట. ఇంతమంది మగవాళ్లు పడి పడి నవ్వడం చూసి, ఒక కుర్చీ లాక్కుని మధ్యలో కూర్చుని, "గంత నవ్వేటిది ఏమున్నది? నన్ను నవ్వియ్యుండ్రి చూస్త" అంది. అదే ఆట అయింది. రోజూ నాలుగింటికి ఒకరు కుర్చీలో మూతి బిగించుకుని కూర్చుంటారు. మిగతావాళ్లు వంతుల ప్రకారం నవ్వించాలి. ముట్టుకోకూడదు, తిట్టకూడదు. కుర్చీలో మనిషి నవ్వితే ఆ పూటకు ఆట అయిపోయినట్టే, అందరూ ఇళ్లకు వెళ్లిపోవాలి. "వేరేటోళ్లు కూసుంటె చాయ్ సల్లారకముందే ఖతం. లసుమవ్వ కూసుంటె మాపటిదాక నడిచేది. గిన్నేండ్లల్ల గా కుర్చీల గామె పన్ను ఎవ్వలు చూడలే" అన్నాడు యూసుఫ్ గారు. మిల్లు మళ్లీ తెరిచేసరికి వీళ్లందరికీ వయసు దాటిపోయింది. సైరన్ లోపలివాళ్లకు మోగింది, వీళ్లు షెడ్డులో ఉండిపోయారు. ఆట మాత్రం ఆగలేదు. పోను పోను ఆడవాళ్లు కూడా వచ్చి కలిశారు.

నాలుగింటికి ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. పది పన్నెండు మంది అయ్యారు. మధ్యలో నీలం ప్లాస్టిక్ కుర్చీ ఖాళీగా ఉంది. దాని చుట్టూ కూర్చున్నారు గాని ఎవరూ దాని వైపు చూడటం లేదు. శాంతాబాయి అని, మహారాష్ట్ర వైపు నుంచి కోడలుగా వచ్చి ఈ ఊళ్లోనే ముసలిదైన ఆమె, నా పక్కన కూర్చుని నేను తెచ్చిన సీతాఫలం గింజలు ఏరి ఏరి అరచేతిలో పెట్టుకుంటోంది. ఎవరో వానల గురించి ఏదో అన్నారు. ఎవరో అవునన్నారు.

అప్పుడు రోడ్డు మీదినుంచి కర్ర చప్పుడు వచ్చింది. సన్నగా, ఎత్తుగా ఉన్న మనిషి, భుజాన తువ్వాలు. ఎవరూ చెప్పక్కర్లేదు, పోశం గారని నాకు తెలిసిపోయింది. అందరూ లేవబోయారు. ఆయన చేత్తోనే కూర్చోమని, కుర్చీ వైపు చూశాడు.

"ఎవలు కూసుంటలేరా?"

ఆయన వెళ్లి ఆ కుర్చీలో కూర్చుని, కర్ర రెండు మోకాళ్ల మధ్య నిలబెట్టి, మూతి బిగించాడు. "ఏందుల్లా, గట్ల చూస్తున్నరు? కానియ్యుండ్రి."

చివరికి యూసుఫ్ గారు లేచాడు. మంచిర్యాలలో పెళ్లి దావత్‌కు అన్నతో కలిసి వెళ్లిన తన పాత సంగతే మళ్లీ ఎత్తుకున్నాడు. ఇద్దరికీ కట్టుడు పళ్లే. రాత్రి చెరొక గ్లాసులో వేసుకుని పడుకుంటే పొద్దున గ్లాసులు తారుమారయ్యాయి. "మా అన్న పండ్లు నా నోట్లె తక్‌ధిమి ఆడుతున్నయి. సరే, దావత్ అయ్యేదాక ఎట్లనో పట్టుకుందమనుకున్న. మటన్ బొక్క పెట్టిండ్రు. ఆగుతనా? కసుక్కున కొరికిన. బొక్క ప్లేట్ల పెడితె, పండ్లు గూడ దానివెంబడే పోయినయి. పక్కకు కూసున్న పెద్దమనిషి నా ప్లేటు దిక్కు చూసి, 'గిదేందిరా, మేక నవ్వుతున్నది!' అన్నడు."

షెడ్డు పేలిపోయింది. నేను చాయ్ గ్లాసు కింద పెట్టేయాల్సి వచ్చింది. పోశం గారి దవడ మాత్రం కదల్లేదు. యూసుఫ్ గారు కళ్లు తుడుచుకుంటూ, "అచ్చం గామె తీరుగనే కూసున్నవు భాయ్" అన్నాడు. అనేసి నాలుక కరుచుకున్నాడు.

శాంతాబాయి వంతు వచ్చింది. ఆమె గింజలు పక్కన పెట్టి కొంగుతో చేతులు తుడుచుకుంది. తర్వాత తల ఎత్తి, "నేను లసుమక్క సంగతి చెప్త. ఎవలన్న వద్దంటరా?" అంది. పోశం గారు చెప్పమన్నట్టు కళ్లతోనే అన్నాడు.

పింఛను తీసుకునేవాళ్లు బతికే ఉన్నామని ఏటా వేలిముద్ర వేసి చూపించాలి కదా. ఒక ఏడాది లసుమవ్వ పింఛను ఆఫీసుకు వెళ్తే, పని చేసి చేసి వేళ్ల గీతలు అరిగిపోయాయేమో, మిషను ముద్ర తీసుకోలేదు. "గా మిషను కాడి పిలగాడు, 'అవ్వా, మిషను నువ్వు లేవంటున్నది' అన్నడు. లసుమక్క, 'లేనా?' అన్నది. 'నేనేం జెయ్యాలె అవ్వా, మిషను ఒప్పుకుంటలేదు' అన్నడు. గిగ లసుమక్క ఆడనే కింద చాప పరిచినట్టు పండుకున్నది. 'మరి నేను సచ్చినోళ్ల లెక్కల ఉంటె నడిచి ఎట్ల పోత బిడ్డా? ఎత్తుకపోండ్రి' అన్నది. లేవదు! కండ్లు మూసుకున్నది. ఆఫీసంత జమైండ్రు. 'లే అవ్వా' అంటె, ఒక్క కన్ను తెరిచి, 'మిషన్‌ను అడుగు' అంటది. ఆఖరికి ఆటోల పండుకోవెట్టి ఇంటికి తోలిండ్రు."

ఈసారి ఎవరికీ నవ్వు పూర్తిగా రాలేదు. అందరూ పోశం గారినే చూస్తున్నారు.

"ఆటో గాదు శాంతక్కా. సారు సొంత కారుల" అన్నాడాయన నెమ్మదిగా. "తలుపు కాడిదాక గట్లనే కట్టె లెక్క ఉన్నది. కారు పోయినంక తలుపు ఏసుకున్నది. ఏసుకొని, ఒకటే నవ్వుడు. నులక మంచం మీద పొర్లి పొర్లి నవ్వింది."

"నవ్విందా?" అన్నాడు యూసుఫ్ గారు. "లసుమవ్వ నవ్విందా?"

"రోజు నవ్వుతుండె యూసుఫ్. నీ పండ్ల కత చెప్పిన్నాడు బువ్వ తినలే. మల్ల చెప్పు, మల్ల చెప్పు అని నాతోని చెప్పిచ్చుకొని నవ్వింది. గీడ మీరు చెప్పినయన్ని మాపటికి ఇంట్ల చెప్పుకుంట నవ్వుతుండె."

"మరి కుర్చీల కూసుంటె?"

పోశం గారు కర్ర మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు. "మిల్లు బందున్నప్పుడే అడిగిన. ఏమే, పాపం వాళ్లు గంత తన్లాడుతున్నరు, జర నవ్వరాదె అన్న. అప్పుడు చెప్పింది. నేను నవ్వితె ఆట అయిపోతది, ఆట అయిపోతె గా మగోళ్లంత ఇంటికి పోవాలె, పోయి ఉత్త పొయ్యి దిక్కు చూసుకుంట కూసోవాలె. జరసేపు ఆపుత అన్నది. గంతే."

నేను చదువుకున్నవీ విన్నవీ ఏవీ ఆ మాట ముందు నిలబడలేదు. రోజూ పొంగి వచ్చే నవ్వును పళ్ల వెనక పట్టుకుని, మూతి ముడుచుకుని, మొండిది అనిపించుకుని, ఒక ఆడమనిషి ఊళ్లో మగవాళ్లందరికీ సాయంత్రాలు పొడిగిస్తూ కూర్చుంది. వాళ్లకు ఒక్కరికీ తెలియదు. యూసుఫ్ గారు టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని దాన్నే చూస్తున్నాడు.

"గందుకే నేను గూడ ఇయ్యాల నవ్వ" అన్నాడు పోశం గారు. "ఎవలి వంతు? కానియ్యుండ్రి."

అప్పుడు యూసుఫ్ గారు మళ్లీ లేచాడు. గొంతు సవరించుకున్నాడు. "ఒక ఏనుగు ఉండె" అన్నాడు. అందరం ఎదురుచూశాం. "అడివికి పోయింది" అన్నాడు. కూర్చున్నాడు.

తర్వాత ఒక తాత లేచి, "మా ఇంట్ల బర్రె ఉన్నది. నల్లగ ఉంటది" అని కూర్చున్నాడు. ఇంకొకామె, "నిన్న పప్పు వండిన. ఇయ్యాల గూడ పప్పే" అంది. నాకు ముందు అర్థం కాలేదు. దుఃఖంతో వీళ్లకు మాటలు తడబడుతున్నాయనుకున్నాను. తర్వాత వాళ్ల ముఖాలు చూశాక తెలిసింది. పోశం గారు నవ్వితే ఆట అయిపోతుంది. అయిపోతే ఆయన లేచి, లసుమవ్వ లేని ఆ ఇంటికి ఒక్కడే వెళ్లాలి. అందుకని ఇన్నేళ్లూ కుర్చీలో మనిషిని నవ్వించడానికి నానా తంటాలు పడ్డవాళ్లు, ఇప్పుడు నవ్వు రాని మాటలు వెతికి వెతికి చెబుతున్నారు.

"మేడమ్, మీరు" అన్నాడు యూసుఫ్ గారు.

నేను ఫోన్ తీశాను. ఆ పనికి నా దగ్గరున్న జోకుల కంటే గొప్పవి ఎక్కడా దొరకవు. ఒకటి చదివాను. పొయ్యి మీద చాయ్ మరిగే చప్పుడు వినిపించింది. ఇంకోటి చదివాను. శాంతాబాయి నా వీపు తట్టి, "మస్తుగున్నది బిడ్డా, అస్సలు నవ్వు రాలే" అంది. మూడోది మొదలుపెట్టేసరికి, బర్రె తాత తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. యూసుఫ్ గారి భుజాలు ఎగురుతున్నాయి. ఎవరి పెదవులు వాళ్లు కొరుక్కుంటున్నారు. పోశం గారు ఒక్కొక్కరినీ వరసగా చూశాడు. చూసి చూసి, "మీరు కావల్నని చేస్తున్నరు గదుల్లా" అన్నాడు.

ఎవరూ ఒప్పుకోలేదు. యూసుఫ్ గారు మొండిగా, "అడివికి పోయిన ఏనుగు మల్ల వచ్చింది" అన్నాడు.

పోశం గారి గడ్డం వణికింది. ఏడుపు వస్తుందనుకున్నాను. వచ్చింది నవ్వు. ముందు ముక్కులోంచి, తర్వాత ఛాతీలోంచి, తర్వాత కర్ర చేతిలోంచి జారి పడిపోయేంతగా. కళ్లనుంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. అది చూసి మిగతావాళ్లు ఆపుకున్నదంతా ఒక్కసారిగా వదిలేశారు. ఏది నవ్వో, ఏది ఏడుపో విడదీసి చెప్పడం నా వల్ల కాదు. ఒకరి మీద ఒకరు వాలిపోతూ, గాలి పీల్చుకోవడానికి ఆగి, మళ్లీ ఒకరి ముఖం ఒకరు చూసుకుని మొదలుపెట్టారు. రోడ్డు మీద సైకిళ్ల వాళ్లు దిగి చూశారు.

కాసేపటికి తగ్గింది. పోశం గారు తువ్వాలుతో ముఖం ఒత్తుకుని, "నవ్విన. ఆట అయిపోయింది" అన్నాడు.

ఎవరూ లేవలేదు. దీపాలు పెట్టే వేళయింది, చలి మొదలైంది, మసీదులో అజాన్ వినిపించింది. యూసుఫ్ గారు నమాజుకు వెళ్తూ పొయ్యి దగ్గర ఆగి, "అందరికి మల్లొక చాయ్" అని చెప్పి, "నేను వచ్చేదాక కదిలితె మంచిగుండదు" అని బెదిరించి పోయాడు. శాంతాబాయి తన బెంచీ మీద జరిగి పోశం గారికి చోటిచ్చింది. ఆయన కుర్చీలోంచి లేచి వచ్చి అక్కడ కూర్చున్నాడు.

స్టేషన్ దగ్గర చిన్న లాడ్జిలో పడుకుని మర్నాడు పొద్దుటి రైలుకు బయల్దేరాను. దారంతా నాకు ఒకటే ఆలోచన. నవ్వడం ఆరోగ్యానికి మంచిదని మనం చెప్పుకుంటాం, అది నిజమే కావచ్చు. కానీ నేను ఆ షెడ్డులో చూసింది మందు కాదు. ఇంకాసేపు కలిసి ఉండటానికి మనుషులు కట్టుకున్న సాకు. కరీంనగర్‌లో నీళ్ల ఒడ్డున దొంగ నవ్వుతో మొదలుపెట్టేవాళ్లూ, కాగజ్‌నగర్‌లో నవ్వును ఆపిపెట్టుకునేవాళ్లూ ఆ సాకునే కాపాడుకుంటున్నారు. వయసు మీద పడ్డాక మనుషులు మెత్తబడిపోతారని, కాలక్షేపం చూపించడానికి మనబోటివాళ్లు కావాలని అనుకుంటాం. నేను చూసిన ముసలివాళ్లు మనకంటే గట్టివాళ్లు, ఒకరి ఇంటి ఖాళీని పదిమంది పంచుకుని మోయగలవాళ్లు. మా కాలనీలో మళ్లీ మొదలుపెట్టాం. ఎలా సాగుతుందో ఇప్పుడే చెప్పలేను. కానీ వాళ్లకు నేను నవ్వు ఇస్తున్నానన్న గర్వం మాత్రం ఆ ఊళ్లోనే వదిలేసి వచ్చాను.

మీరు వెళ్లాలనుకుంటే మామూలు పనిరోజుల్లో వెళ్లండి, ఫోన్ ఎత్తి వీడియో తీయకండి. ఇక మీ దగ్గరే ఇలాంటిది పెట్టాలనుకునేవాళ్లకు, అక్కడి పెద్దవాళ్లను అడిగి తెలుసుకున్న ఒక్క సలహా: మైకు కోసం, బ్యానర్ కోసం తిరగకండి. చేతులున్న గట్టి కుర్చీలు వేయండి, నవ్వేవాళ్లు పక్కకు ఒరిగితే పట్టుకోవడానికి. అంతకన్నా ముందు, పది అడుగుల దూరంలో, మెట్లు లేకుండా, లోపల గడియ సరిగా పడే బాత్‌రూమ్ ఉన్న చోటు చూసుకోండి. అది దగ్గర్లో ఉందని తెలిస్తేనే మన వయసువాళ్లు భయం లేకుండా నవ్వుతారు.